పదో ఎర్రదీపం

రోజు 40, గురువారం
హాజరు 94. ఎర్రదీపాలు ఈ రోజు 2, మొత్తం 2.

“అంకెలు వేసి సంతకం పెడితే చాలు గవరమ్మా” అని వామనమూర్తి మాస్టారు ఈ గాలి పుస్తకాన్ని నా చేతిలో పెట్టిన రోజున చెప్పారు. అంకెలు వేశాక సగం పేజీ మిగిలిపోతోంది. కాగితం ఇంత కరువుగా ఉన్న రోజుల్లో తెల్ల పేజీ వదిలెయ్యడానికి నాకు మనసొప్పదు. అందుకే రాస్తున్నాను. ఆయన చదివితే చదువుకోనీ.

పొద్దున ఏడింటికి బడి గేటు దగ్గర ఊదుడు పెట్టె పక్కన నిలబడతాను. తొంభై ఆరు మంది పిల్లలూ ఒక్కొక్కరే వచ్చి, ముక్కుగుడ్డ దించి, గొట్టంలోకి గట్టిగా ఊది, గుడ్డ మళ్లీ పైకి లాక్కుని లోపలికి పోతారు. పచ్చదీపం వెలిగితే బడి. ఎర్రదీపం వెలిగితే ఒంట్లో ఫ్లూ ఉన్నట్టు, పది రోజులు ఇంటిపట్టున ఉండాలి. ప్రతి పిల్లకీ గొట్టం మూతి మార్చాలి. కొందరు ఊదమంటే ఉమ్ముతారు. నా చీర కొంగు చూస్తే తెలుస్తుంది.

ముప్పై తొమ్మిది రోజులు అన్నీ పచ్చలే. ఈ రోజు రెండు ఎర్రలు. ఒకడు మూడో తరగతి, ఒకతె ఐదో తరగతి. ఇళ్లు ఒకచోట కావు, గదులు ఒకటి కావు. ఎక్కడ తగులుకున్నారో మరి.

రోజు 41, శుక్రవారం
హాజరు 94. ఎర్రదీపాలు లేవు.

పైకప్పు ఎక్కి గాలి యంత్రం జల్లెడలు విప్పి, సోడాతో కడిగి, ఎండబెట్టి బిగించాను. ఒక్కో గదిలోని గాలిని అది పావుగంటకోసారి తోడి శుభ్రం చేస్తుంది. గాలి ఎలా ఉందో చూపే గోడ మీది ముల్లు మంచి చోటే ఉంది. పైనుంచి చూస్తే సముద్రం బాగా కనిపించింది. పాత ఊరి దీపస్తంభాల తలలు నాలుగైదు ఇంకా నీళ్ల పైనే ఉన్నాయి. మా ఇల్లు అక్కడే ఎక్కడో ఉండేది.

రోజు 46, గురువారం
హాజరు 91. ఎర్రదీపాలు ఈ రోజు 3, మొత్తం 5.

ముగ్గురు. మళ్లీ గురువారమే. చేతులు కడిగించే నీళ్లలో మందు రెట్టింపు చేశాను. బల్లల మధ్య దూరాన్ని నా మూరతో నేనే కొలిచాను. రెండు మూరలు ఉండాల్సిన చోట రెండున్నర ఉంది. అన్నం తినేటప్పుడు ఒకరికొకరు వీపులు పెట్టి, కిటికీల వైపు తిరిగి కూర్చుంటారు. చెప్పినట్టు వినే పిల్లలు. అందుకే నాకు మరీ భయంగా ఉంది. చెప్పినవన్నీ చేస్తున్నా జబ్బు పాకుతోందంటే, మేం చెప్పనిదేదో ఉండి ఉండాలి.

రోజు 47, శుక్రవారం
హాజరు 91. ఎర్రదీపాలు లేవు.

డాక్టర్ ముబీనా గారు తీగబండిలో దిగారు. పక్క కొండ నుంచి సరుకులొచ్చే ఆ తీగబండే మాకు రాకపోకలకి దారి. ఆవిడ అన్ని గదులూ తిరిగి, నన్ను పక్కకి పిలిచారు.

“గవరమ్మ గారూ, రూల్ మీకు తెలుసు. ఒక విడతలో పది ఎర్రదీపాలు వెలిగితే బడి మూసెయ్యాలి. గాలి యంత్రాన్నీ మాస్టార్లనీ వేరే ఊరికి పంపేస్తారు. మీ వెనకాల పదకొండు ఊళ్లు వరసలో ఉన్నాయి.”

“మూసినాక మళ్లీ తెరుస్తారేటమ్మా?”

“కారణం దొరికితే మూయక్కర్లేదు. పదో దీపం వెలిగిన రోజే, ఎలా పాకిందో, ఎవరి వల్ల పాకిందో రాసి పంపాలి. ఆ దారి మూసేశామని సంతకం పెట్టాలి. వెతకండి” అన్నారావిడ.

మూసిన బడి సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా సుభద్రకి ఐదేళ్లప్పుడు పాత బడి మూసేశారు. నెల రోజులన్నారు. ఏడేళ్లు మూసే ఉంచారు. ఇంట్లో పాఠాల పెట్టె ముందు కూర్చుని అది లెక్కలూ చదువూ అన్నీ నేర్చింది, తెలివైనదే. ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. ఇంట్లోనే కూర్చుని కరెంటిచ్చే ఎండ పలకలు పాడైతే బాగుచేస్తుంది. ఇంటికి నలుగురు వస్తే తలుపు వెనక్కి పోతుంది. ఎవరితోనైనా ఏం మాట్లాడాలో దానికి తెలియదు. దెబ్బలాడ్డం కూడా తెలియదు. ఆడుకునే వయసులో దానికి ఇంకో పిల్ల దొరకలేదు.

ఈ బడి తెరుస్తారని తెలిసిన రోజున ఆయా పనికి అందరికన్నా ముందు పేరు ఇచ్చింది నేనే.

రోజు 52, గురువారం
హాజరు 90. ఎర్రదీపాలు ఈ రోజు 3, మొత్తం 8.

ఇంక రెండే మిగిలాయి. మాస్టారు ఈ రోజు పాఠం చెప్పలేకపోయారు. బోర్డు మీద తేదీ రాసి, సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డారు. పిల్లలు అర్థం చేసుకున్నట్టున్నారు, ఒక్కరూ అల్లరి చెయ్యలేదు. ఆ నిశ్శబ్దం నాకు నచ్చలేదు.

రోజు 54, శనివారం
హాజరు 90. ఎర్రదీపాలు లేవు.

సాయంత్రం పిల్లల ముక్కుగుడ్డలన్నీ బుట్టలో వేయించుకుని కాగులో ఉడకబెట్టడం నా పనే. ఉడికాక ఉతికి, ఎండేసి, పొద్దున ఎవరి గుడ్డ వాళ్లకి ఇస్తాను. మామూలుగా అయితే బుట్ట ఎత్తి కాగులో బోర్లిస్తాను. ఈ రోజు ఒక్కొక్కటే తీసి దీపం కింద చూశాను.

చాలా గుడ్డల మీద బెల్లం మరకలు పాతబడి ఉన్నాయి, ఉడకబెట్టినా పోనివి. లోపలి వైపు ఉంటే మూతి తుడుచుకున్నారనుకునేదాన్ని. మరకలు బయటి వైపు ఉన్నాయి. కొన్నిటి మీద పళ్లు దిగిన గుర్తులు కూడా ఉన్నాయి.

ఆదివారం సాయంత్రం తీగబండిలో రేషన్ వస్తుంది. ఇంటికి ఒక్కటే నువ్వుల జీడి, బెల్లం పాకంతో చేసిన మిఠాయి. అది సోమవారం బడికి వస్తుంది. ఊదుడు పెట్టెకి ఫ్లూ దొరకాలంటే రెండు మూడు రోజులు పడుతుంది. సోమవారం తగిలితే గురువారం ఎర్రదీపం.

రోజు 55, సోమవారం
హాజరు 93. ఎర్రదీపాలు లేవు.

ఆటల వేళ నీళ్ల తొట్టి వెనక నిలబడి కాపు కాశాను. రెండో తరగతి అప్పలకొండ లంగా ముడిలోంచి జీడి తీసింది. ఒకటో తరగతి దాలినాయుడు దాని ముందు చెయ్యి చాచి నిలబడ్డాడు. వాడికి ఆరేళ్లు, ముందు పళ్లు రెండూ లేవు. ఆ పిల్ల ముక్కుగుడ్డ కింది కొసని జీడి మీద కప్పి, పళ్ల మధ్య పెట్టి పటుక్కున విరిచింది. సగం వాడి చేతిలో పెట్టింది. వాడు వెంటనే నోట్లో వేసుకున్నాడు. నేను పరుగెత్తేలోపు నమిలేస్తున్నాడు.

“ఏటే అప్పలకొండా! ఏటి సేస్తన్నావే?”

అది బెదరలేదు. నన్ను చూసి నవ్వింది కూడా. “కాకి ఎంగిలి, ఆయమ్మా. గుడ్డ అడ్డమెట్టినాను కదా.”

“ఆ గుడ్డ నీ ముక్కుదీ మూతిదీ కదే!”

“నువ్వే సెప్పినావు కదేటి? గుడ్డ అడ్డమెట్టి కొరికితే ఎంగిలి కాదని. మరి ముక్కుగుడ్డ కన్నా మంచి గుడ్డ ఏటుంటాది? నువ్వు రోజూ ఉడకబెడతావు కదా!”

మిగిలిన సగాన్ని దాని చేతిలోంచి తీసేసుకున్నాను.

నిజమే, నేనే చెప్పాను. బడి తెరిచిన రెండో వారంలో ఇద్దరు పిల్లలు ఒక్క జీడి కోసం కొట్టుకుంటుంటే, “మా చిన్నప్పుడు చొక్కా కొస కప్పి కొరుక్కునేవాళ్లం, కాకి ఎంగిలి అనేవాళ్లం, అది ఎంగిలి కాదు” అని చెప్పి, నా కొంగుతో కొరికి చూపించి, చెరో ముక్కా ఇచ్చాను. చుట్టూ చేరి అందరూ పకపకా నవ్వారు. పిల్లలు ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారని ఇంటికెళ్లి సుభద్రకి చెప్పి మురిసిపోయాను. వాళ్ల ఊపిరి చూసే మనిషిని నేను. నాకు తట్టలేదు. మా అమ్మ చెప్పింది, వాళ్లమ్మ చెప్పి ఉంటుంది. ఎంగిలి కాదంటే కాదనే అనుకున్నాను.

ఆటల వేళ ముగిసేలోపే గది గదికీ వెళ్లి ఇక కాకి ఎంగిలి వద్దని చెప్పాను. తర్వాత మాస్టారికి అంతా చెప్పేశాను, నేను నేర్పిన సంగతితో సహా. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. “దొరికింది కదా, అదే పదివేలు. పదో దీపం రాకపోతే ఎవరి పేరూ రాయక్కర్లేదు” అన్నారు.

రోజు 56, మంగళవారం
హాజరు 92. ఎర్రదీపాలు ఈ రోజు 1, మొత్తం 9.

అప్పలకొండ. జ్వరం పెద్దగా లేదు. వాళ్లమ్మ సన్యాసమ్మ వచ్చి తీసుకెళ్లింది. పిల్ల వెళ్తూ వెళ్తూ, “దాలినాయుడికి కూడా వచ్చీస్తాదా ఆయమ్మా?” అని అడిగింది. రాదని చెప్పాను.

రోజు 58, గురువారం
హాజరు 91. ఎర్రదీపాలు ఈ రోజు 1, మొత్తం 10.

దాలినాయుడు. గొట్టంలోకి సగమే ఊదగలిగాడు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. పుట్టినప్పటి నుంచీ వాడి ఊపిరితిత్తులు అంత గట్టివి కావట. ఈ మధ్యాహ్నమే తీగబండిలో పక్క కొండ ఆసుపత్రికి పంపారు.

మాస్టారు కారణం పత్రం నా ముందు పెట్టారు. రెండే గడులు. ఎలా పాకింది, ఎవరి వల్ల.

“నీ పేరు రాస్తే నిన్ను ఈ రాత్రికి తీసేస్తారు” అన్నారాయన. “పిల్ల పేరు రాస్తే ఏం లేదు. వాళ్ల ఇంటి మీద గడువు తీరేదాకా పసుపు జెండా కడతారు, అంతే. దానికి ఎలాగూ జ్వరమే కదా. నువ్వు చూసింది ఆ పిల్లనే కదా, అందులో అబద్ధం కూడా లేదు. ఈ తొంభై ఆరు మందినీ నువ్వు తప్ప ఎవరూ పట్టలేరు గవరమ్మా. నా వల్ల కాదు.”

ఆయన చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. గేటు దగ్గర నా చోటు పోతుందని భయపడ్డాను. “గుడ్డతో కొరికి తినుబండారం పంచుకోవడం. ఎవరి వల్ల: అప్పలకొండ, రెండో తరగతి” అని నా చేత్తో నేనే రాశాను. ఈ పుస్తకంలోనూ అదే రాశాను, పై పేజీలో ఉంది. సంతకం పెట్టాను.

రోజు 59, శుక్రవారం
హాజరు 91. ఎర్రదీపాలు లేవు.

బడి తెరిచే ఉంచమని ఉత్తరువు వచ్చింది. మాస్టారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. సాయంత్రం ఇంటికి వెళ్తుంటే, తీగబండి స్టేషన్ బోర్డు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. కారణం పత్రాన్ని నకలు తీసి అక్కడ అంటించారు. అలా అంటిస్తారని మాస్టారికీ తెలియదు, నాకూ తెలియదు. ఎవరో పైకి చదువుతున్నారు. అప్పలకొండ, రెండో తరగతి. తల వంచుకుని పక్క సందులోంచి వెళ్లిపోయాను.

రోజు 63, బుధవారం
హాజరు 94. ఎర్రదీపాలు లేవు.

దాలినాయుడు చనిపోయాడు. తెల్లవారుజామున ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. వాడి ముక్కుగుడ్డ ఇంకా నా దండెం మీదే ఉంది.

రోజు 67, సోమవారం
హాజరు 94. ఎర్రదీపాలు లేవు.

అప్పలకొండ గడువు శుక్రవారంతో తీరింది, జెండా విప్పేశారు. శనివారం బడికి రాలేదు. ఈ రోజూ రాలేదు. సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లాను.

సన్యాసమ్మ నన్ను గుమ్మంలోనే ఆపింది. “అక్కా, ఆ గుంట నన్ను కూడా ముట్టుకోనీడం లేదు. రెండు గుడ్డలు కట్టుకుని ఆ మూల కూకుంటాది. కంచం యేరు, చెంబు యేరు. చిన్నోడు దగ్గరకెలితే కేకలేస్తాది. జెండా ఇప్పీసిన సాయంత్రం బోర్డు మీద దాని పేరు చదివింది అక్కా. నువ్వే కదా దానికి అక్షరాలు దిద్దించినావు, చదివీసింది.”

లోపలికి తొంగి చూశాను. గోడ వైపు తిరిగి ఉంది.

“అప్పలకొండా, బడికి రావేటమ్మా?”

“నా ఊపిరి మంచిది కాదు ఆయమ్మా” అంది, తిరక్కుండానే. “దాలినాయుడిని సంపీసింది.”

ఏం చెప్పానో నాకు గుర్తులేదు. ఏదో చెప్పాను, అది నమ్మలేదు. రాసి ఉన్నదాన్ని ఎందుకు నమ్మకూడదు? అక్షరం అబద్ధం చెప్పదని దానికి చెప్పింది కూడా నేనే.

ఇంటికి వచ్చి సుభద్రకి మొత్తం చెప్పేశాను. అది చేతిలో పని ఆపి విన్నది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండును.

“ఆ పిల్ల కూడా నాలాగ అయిపోతాదేటమ్మా?” అని అడిగింది.

బడి తెరిచే ఉంది. ఒక్క పిల్లకి మాత్రం మూసేశాను. నా చేత్తో.

రోజు 69, బుధవారం
హాజరు 94. ఎర్రదీపాలు లేవు.

డాక్టర్ గారు వచ్చారు. మాస్టారు వద్దని సైగ చేస్తూనే ఉన్నారు. ఆవిడ ముందే పుస్తకం తెరిచి, యాభై ఎనిమిదో రోజు పేజీలో అప్పలకొండ పేరు కొట్టేసి, కింద రాశాను: “ఎవరి వల్ల: ఆయా గవరమ్మ. గుడ్డ అడ్డం పెట్టి కొరుక్కుంటే ఎంగిలి కాదని పిల్లలకి నేర్పింది నేను. తెలిసి కూడా పిల్ల పేరు రాసింది నేను. పిల్లల తప్పు లేదు.”

ముబీనా గారు రెండుసార్లు చదివారు. ముఖంలో జాలీ కనపడలేదు, కోపమూ కనపడలేదు. “తప్పుడు పత్రం పంపినందుకు బడి మూయమని నేను రాయొచ్చు” అన్నారు.

“రాయొచ్చమ్మా. కానీ దారి మూసేశాం కదా. పదకొండు రోజులయింది, ఒక్క ఎర్రదీపం లేదు. నన్ను తీసెయ్యండి. బడిని ఉంచండి.”

మాస్టారు అప్పుడు లేచి, ఆ సలహా ఇచ్చింది తనేనని చెప్పారు. చెప్తారనుకోలేదు. డాక్టర్ గారు ఆయన చెప్పిందీ రాసుకున్నారు. వెళ్లేముందు, “బడి ఉంటుంది. మీరు ఉండరు. ఎల్లుండికి ఉత్తరువు వస్తుంది. బోర్డు మీద కొత్త పత్రం నేనే అంటిస్తాను” అన్నారు.

రోజు 70, గురువారం
హాజరు 94. ఎర్రదీపాలు లేవు.

గాలి పుస్తకం బడి దాటకూడదు. కొంగులో చుట్టుకుని తీసుకెళ్లాను. ఇంతకన్నా ఏం తీసేస్తారు నన్ను.

అప్పలకొండ అదే మూలలో కూర్చుని ఉంది. దాని ముందు పుస్తకం తెరిచి పెట్టి రెండు మూరలు వెనక్కి జరిగి కూర్చున్నాను, లేకపోతే పేజీ ముట్టుకునేలా లేదు. చదవమన్నాను. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది. గ, వ, ర, మ్మ. అక్కడ ఆగి నన్ను చూసింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. “పిల్లల తప్పు లేదు” దగ్గరికి వచ్చేసరికి గొంతు వినపడలేదు, గుడ్డల వెనక పెదాలు మాత్రం కదిలాయి.

తర్వాత దాని వేలు పైకి వెళ్లింది. “ఇది కొట్టేసినారు. నా పేరే కదా ఇది?”

“నీ పేరే.”

“ఎవులు రాసినారు?”

“నేనే రాశాను.”

“మరి నువ్వు నేర్పినావు కదా. నా పేరు ఎందుకు రాసినావు?”

“భయమేసిందమ్మా. నన్ను బడిలోంచి పంపేస్తారని భయమేసింది.”

సన్యాసమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె మొహం వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

“నేనయితే, నన్ను బడిలోంచి పంపేసినా నీ పేరు రాయను” అంది అప్పలకొండ.

పుస్తకం మూసి నా వైపు తోసింది. నేను లేచి వచ్చేశాను. క్షమించమని అడగలేదు. ఎనిమిదేళ్ల పిల్ల మీద ఆ బరువు కూడా పెట్టలేను.

రోజు 71, శుక్రవారం
హాజరు 95. ఎర్రదీపాలు లేవు.

ఉత్తరువు మొదటి తీగబండిలోనే వచ్చింది. పది గంటలకల్లా తాళాలు అప్పగించాలి. కొత్త మనిషి వచ్చేదాకా గేటు దగ్గర మాస్టారే నిలబడతారు. గొట్టం మూతి ఎలా మార్చాలో రెండుసార్లు చూపించాను, రెండుసార్లూ తప్పు చేశారు. ముక్కుగుడ్డలు ఎంతసేపు ఉడకబెట్టాలో అట్ట మీద రాసి కాగు పైన మేకుకి తగిలించాను. సోమవారం జీళ్లు గేటు దగ్గరే తీసుకుని, పిల్లలు ముట్టకముందే కడిగిన కత్తితో ముక్కలు చేసి పంచాలని కూడా రాశాను. వాళ్లు పంచుకోవడం మానకూడదు.

పిల్లల వరస అయిపోవచ్చింది. చివర్లో సన్యాసమ్మ కనపడింది, ఆమె చెయ్యి పట్టుకుని అప్పలకొండ. ఒక్క గుడ్డే కట్టుకుంది. తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

వచ్చి గుడ్డ దించింది. ఊదింది. పచ్చ. దీపాన్ని తనే వంగి చూసుకుంది, నమ్మకం కుదరక ఇంకోసారి ఊదుతానంది. గొట్టం మూతి మార్చి ఇచ్చాను. మళ్లీ పచ్చ.

గుడ్డ పైకి లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. నా వైపు చూడలేదు. చూడకపోతే పోనీ. బడికి వచ్చింది.